అనామకుని భవనము: హత్యాపరిశోధక చిత్రములలో దక్కను సేవకుని స్థానము

రాయచూరు మండలమునందలి మస్కిలో 1915వ సంవత్సరమున బయల్పడిన శిలాశాసనము చరిత్రకారులకు పెన్నిధి వంటిది. అంతకు పూర్వము దొరకిన ధర్మశాసనములలో ఆ చక్రవర్తి దేవానాంప్రియుడు, ప్రియదర్శి యను బిరుదములతోడనే కానవచ్చుచుండెను. అశోకుడను పేరు రాతిపై తొలుత చదువబడినది మస్కిలోనే. బిరుదము లెంత ఘనములైనను, పేరు దొరకినగాని మనుష్యుడు దొరకినట్లు కాదని ఆ శాసనము లోకమునకు చాటినది.

ఆ నేలపై శతాబ్దములుగా పలుకబడుచున్న భాషలలో దక్కనీ యొకటి. 1965లో వెలువడిన ఒక ప్రసిద్ధ హిందీ చిత్రమున ఆ భాష వెండితెర కెక్కినది. పలికినవాడు ఒక భవనములోని సేవకుడు. ఆ సేవకునికి పేరు లేదు. పాత్రల పట్టికలో ఆతడు బట్లరు మాత్రమే. చిత్రము పేరు ‘గుమ్‌నామ్’. ఆ మాటకు అనామకమని యర్థము. చిత్రకర్త లుద్దేశించిన అనామకుడు హంతకుడు కావచ్చును. కాని కథ యంతయు ముగిసినను పేరు లేకయే మిగిలినవాడు వంటయింటిలోనివాడు. ఈ సంగతి యాదృచ్ఛికమా, లేక ఆ కథాజాతికి సహజమైన గుణమా యనునది ఇచట విచారింపదగినది.

భవనకథల స్వరూపము

ఊరికి దూరముగా ఒక పెద్ద భవనము. అందులో కొందరు అతిథులు. వెలుపలికి పోవుటకు దారి లేదు. ఒకరి తరువాత ఒకరు హతు లగుచుందురు. హంతకుడు వారిలోనే యుండును. ఇంగ్లండులో మొదటి ప్రపంచసంగ్రామమునకు పిమ్మట ఈ కథాజాతి మిక్కిలి వ్యాప్తి నందినది. అగాథా క్రిస్టీ 1939లో ప్రకటించిన నవల దీనికి మకుటాయమానము. ఒక ద్వీపమునందలి భవనమున పదిమంది చేరుదురు. వారిలో ఎనమండుగురు ఆహూతులు, ఇద్దరు సేవకులు.

ఇట్టి కథను చదువువారు, చూచువారు సాధారణముగా అడుగు ప్రశ్న యొకటే: చంపినవా డెవడు? ఆ ప్రశ్నకు వెనుక మరి నాలుగు ప్రశ్న లున్నవి. కథలో ఎవనికి పేరు కలదు? ఎవనిని అనుమానింపదగిన మనుష్యునిగా కథ లెక్కించును? ఎవని చావునకు ఇతరులు దుఃఖింతురు? ఎవనిని చూచి నవ్వుదురు? భవనకథలో ప్రాతినిధ్య మనగా ఒక జాతివాడు, ఒక భాషవాడు తెరపై కనబడుట మాత్రమే కాదు. ఈ నాలుగింటిలో ఆతని వంతున కేది దక్కెనో చూడవలెను. అనుమానింపబడుట గౌరవమా యని సందేహము కలుగవచ్చును. ద్వేషింపగలిగిన మనస్సు, పథకము వేయగలిగిన బుద్ధి, దాచుకొనదగిన గతము ఉన్నవానినే కదా కథ అనుమానించును. అనుమానమునకైనను పాత్రుడు కానివాడు ఆ భవనమున బల్లతో, కుర్చీతో సమానుడు.

క్రిస్టీ నవలను ఈ ప్రశ్నలతో పరిశీలించిన ఫలితము విచిత్రముగా నుండును. అందలి సేవకులైన రోజర్సు దంపతులకు పేరు కలదు, గతము కలదు, అతిథులకు వలెనే పాపమును కలదు. దోషమున వారు సమానులే. అయినను భార్య నిద్రలో మరణించిన ఉదయముననే ఆ భర్త అతిథులకు ఫలాహారము సిద్ధపరచును. దుఃఖించుటకు ఆతనికి తీరిక లేదు. ఆ నవలలోనే లంబార్డను పాత్ర పూర్వము తూర్పు ఆఫ్రికాలో ఇరువదియొక్క మంది స్థానికులను ఆహారము లేక చచ్చునట్లు విడిచి వచ్చినవాడు. ఆ ఇరువదియొక్కరిలో ఒక్కనికిని పేరు లేదు. వారు స్థానికులు మాత్రమే కదా యని ఒక పాత్ర తేలికగా పలుకగా, నలుపైనను తెలుపైనను సోదరులే యని మరియొక పాత్ర మందలించును. మందలించిన ఆ వృద్ధురాలే తన యింటి పనిపిల్ల మరణమునకు కారకురాలు. రచయిత్రి ఇచట సూక్ష్మముగా ఒక కపటమును పట్టి చూపినదనుట న్యాయము.

అయితే ఆ నవలకు బ్రిటనులో మొదట పెట్టిన పేరులోనే నల్లజాతివారిని కించపరచు పదము కలదు. అమెరికాలో 1940లోనే దానిని మార్చిరి. బ్రిటనులో 1980ల వరకును ఆ పేరుతో ప్రతులు వెలువడుచునే యుండినవి. ఫ్రెంచి అనువాదము పేరు 2020లో గాని మారలేదు. లోపలి కథ కపటమును ఖండించుచుండగా అట్టమీది పేరు అవమానమును మోయుచుండెను. కళాఖండము తన నీతిని తానే పూర్తిగా పాటింపదనుటకు ఇదియొక నిదర్శనము.

గుమ్‌నామ్ చిత్రములోని బట్లరు

రాజా నవాథే దర్శకత్వమున వచ్చిన గుమ్‌నామ్ ఈ నవల ఛాయలో నిర్మింపబడినది. విమానమున బయలుదేరిన కొందరు నిర్జనమైన చోట విడువబడుదురు. వెదకగా ఒక భవనము కానవచ్చును. అందు వారికెదురైనవాడు మెహమూదు ధరించిన బట్లరు. అతిథు లందరును నాగరికమైన హిందుస్తానీలో మాటలాడుదురు. ఆతడొక్కడే దక్కనీ పలుకును. అతిథులు సూటులలో, చీరెలలో నుందురు. ఆతడు లుంగీలో నుండును. అతిథులు భయపడుదురు, ఆతడు నవ్వించును.

ఇచట భాష అలంకారము కాదు, పాత్ర కిచ్చిన అంతస్తు. ప్రేక్షకుడు ఆతని ముఖము చూచుటకు ముందే యాస విని నవ్వుటకు సిద్ధపడును. అజ్ఞాతభవనమున ఎదురైన సేవకునిపై అనుమానము కలుగుట సహజమే. కాని ఆతని హాస్యము ఆ అనుమానమును వెంటవెంటనే కరిగించుచుండును. భయపెట్టగలవాడుగా నిలువవలసిన చోట ఆతడు వినోదముగా మారును. పైన చెప్పిన నాలుగింటిలో పేరు ఆతనికి దక్కలేదు. అనుమానము నిలువలేదు. నవ్వు మాత్రము సమృద్ధిగా దక్కినది.

దీనికి ప్రతివాదము కలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆ చిత్రమున బట్లరునకు ఒక పాట కలదు. అందాతడు తన మేనిచాయను దాచుకొనడు. నలుపైన మాత్రమున మనసు లేనివాడనా యని ఎదురడుగును. తెల్లని చాయయే సౌందర్యమని నమ్మిన హిందీ చిత్రసీమలో 1965 నాటికే ఒక నల్లని పాత్ర తన చాయను గూర్చి తలయెత్తి పాడుట చిన్న విషయము కాదు. ఆ పాట జనుల నాలుకలపై నిలిచినది. చిత్రములోని నాయకుని ముఖము మరచినవారును బట్లరును మరువలేదు. దక్కనీ పలుకు ప్రేక్షకునికి, తన వీథిలోని మాట బొంబాయి తెరపై వినబడినప్పుడు, సంతోషము కలిగి యుండదా?

కలుగును. అది సహజము. కాని ఆ పాట కథలో ఎచట నున్నదో గమనింపవలెను. అది ఒక స్వప్నము. కలలో ఆతడు మంచి దుస్తులు ధరించి హెలెనుతో సమానముగా నర్తించును. మేల్కొన్న పిదప మరల లుంగీయే, మరల వంటయిల్లే. కథ మేలుకొన్నప్పుడు నిరాకరించిన గౌరవమును నిద్రలో దయచేసినది. పాటలోని ప్రశ్న నిజమైనది. దానికి చిత్రము చెప్పిన జవాబు కల. ఆ స్వప్నమున జతగా నిలిచిన కిట్టీ యను పాత్రయును ఇట్టిదే. మద్యము, నృత్యము, పాశ్చాత్యవేషము: ఆనాటి హిందీ చిత్రములు క్రైస్తవయువతికి కేటాయించిన మూస యిది. కథకు వెలుపలివారైన ఇరువురను కథ కలలో కలిపినది. లోపలివారి ప్రేమకథకు మాత్రము పగటివెలుగు దక్కినది.

మూడు సంవత్సరములకు పిమ్మట, 1968లో వచ్చిన ‘పడోసన్’ చిత్రమున మెహమూదు దక్షిణాది సంగీతోపాధ్యాయుని పాత్ర ధరించెను. అచటను యాసయే హాస్యమునకు మూలము. నటుడు మహాప్రతిభావంతుడు, ఆ ప్రతిభకు చిత్రసీమ తెరచిన ద్వారము మాత్రము ఇరుకైనది.

నవ్వబడిన భాష యెట్టిది?

దక్కనీని చెడిన ఉర్దూ యని తలచువారు నేటికిని గలరు. ఈ తలంపు చరిత్రకు విరుద్ధము. ఉత్తరాదిలో ఉర్దూ కావ్యభాషగా స్థిరపడుటకు ముందే దక్కనులో ఆ భాష సాహిత్యగౌరవ మందినది. గోలకొండ ప్రభువు మహమ్మదు కులీ కుతుబ్‌షా స్వయముగా కవి. ముల్లా వజ్హీ ‘కుతుబ్ ముష్తరీ’ కావ్యమును 1609లోను, ‘సబ్‌రస్’ అను గద్యకావ్యమును 1635లోను రచించెను. రాయచూరు కోట చిరకాలము బిజాపురపు ఆదిల్‌షాహీల యధీనమున నుండినది. ఆ వంశపు రెండవ ఇబ్రహీము ‘కితాబె నౌరస్’ అను గేయసంపుటిని దక్కనీలోనే కూర్చెను.

మరియొక విషయము తెలుగువారికి ముఖ్యమైనది. దక్కనీ నడక అనేకస్థలముల ద్రావిడభాషల నడక. తెలుగున ‘వస్తానని చెప్పినాడు’ అనునపుడు ‘అని’ చేయు పనిని దక్కనీలో ‘బోల్‌కే’ యను మాట చేయును. కన్నడమున ‘ఎందు’ చేయు పనియు నిదియే. ‘వద్దు’ అనుటకు పలుకు ‘నక్కో’ మరాఠీ సంబంధమైనది. కృష్ణా తుంగభద్రల నడిమి అంతర్వేదిలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో బేరమాడుకొనగా ఏర్పడిన నుడికార మిది. కావున బట్లరు పలుకును చూచి నవ్వు తెలుగువాడు తెలియకయే తన వాక్యనిర్మాణమును చూచి నవ్వుచున్నాడు. 1956 నవంబరు 1వ తేదీ వరకు రాయచూరు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆనాడు మైసూరు రాష్ట్రమున చేరినది. రాష్ట్రసరిహద్దు ఒక్క దినమున మారినది. వీథిలోని భాష సరిహద్దుల నెరుగదు.

మూడు భవనములు, మూడు తీర్పులు

ఇదే కథాజాతిని ఇతరు లెట్లు తీర్చిరో పోల్చి చూచుట యుక్తము. రాబర్టు ఆల్ట్‌మన్ 2001లో నిర్మించిన ‘గాస్‌ఫర్డ్ పార్క్’ 1932 నాటి ఆంగ్లభవన కథ. అందు మేడమీది వ్యవహారములు సేవకులు కన్నట్లుగా, విన్నట్లుగా మాత్రమే ప్రేక్షకునికి తెలియును. అతిథులతో వచ్చిన దాసదాసీజనమును క్రింది యంతస్తులో వారి యజమానుల పేళ్లతోడనే పిలుతురు. భోజనమున కూర్చుండు వరుస యును యజమానుల హోదాను బట్టియే. పేరు హరించుట అచట నియమముగా స్పష్టముగా చూపబడినది. విచారణకు వచ్చిన పోలీసు అధికారి సేవకులను లెక్కచేయడు. రహస్యమంతయు సేవకులయొద్దనే యున్నది. నిర్లక్ష్యమే ఆతని ఓటమికి హేతువు. ఈ చిత్రము అవమానమును చూపినది. దానిని నవ్వులాటగా మార్చలేదు.

ఆ చిత్రముననే ఒక సినిమా నిర్మాత అతిథిగా వచ్చును. ‘చార్లీ చాన్ ఇన్ లండన్’ అను చిత్రమునకు సామగ్రి సేకరించుట ఆతని పని. ఆ పేరుతో 1934లో నిజముగానే చిత్రము వచ్చినది. అందు భవనహత్యను పరిశోధించువాడు చీనాజాతివాడు. బుద్ధిశాలి, గౌరవనీయుడు, పేరుగలవాడు. కాని ఆ వేషము ధరించినవాడు స్వీడనులో జన్మించిన వార్నరు ఓలండు. పాత్రకు చోటు దొరకినది, ఆ జాతి నటునికి దొరకలేదు. గుమ్‌నామ్‌లో భాషకు చోటు దొరకి పాత్రకు గౌరవము దొరకకపోవుట దీనికి మరియొక ముఖము.

రియాన్ జాన్సన్ 2019లో తీసిన ‘నైవ్స్ ఔట్’ ఈ విషయమున ఒక యడుగు ముందునకు వేసినది. సంపన్నుడైన వృద్ధరచయిత మరణించును. ఆతనికి పరిచర్య చేసిన మార్తా దక్షిణ అమెరికా మూలములు గల యువతి. ఇంటివారందరు నామెను తమ కుటుంబములోనిదే యందురు. ఆమె యే దేశమునుండి వచ్చినదో చెప్పవలసివచ్చినప్పుడు మాత్రము ఒక్కొక్కరు ఒక్కొక్క దేశము పేరు చెప్పుదురు. ప్రేక్షకుడు నవ్వును. కాని ఆ నవ్వు మార్తాపై పడదు, ఆమె నెరుగనివారిపై పడును. నవ్వు పడు దిక్కు మారుటయే ఇచట విశేషము. కథ ముగియునప్పటికి భవనము ఆమెది. సద్గుణవతి యగుట చేతనే ఆమెకు న్యాయము జరుగుట ఒక లోపమే. ఇంటివారు దుష్టులైనను వారసు లనిపించుకొనిరి. ఆమె మాత్రము అబద్ధమాడలేని స్త్రీగా నుండవలసివచ్చినది. తప్పు చేయు స్వాతంత్ర్యము కూడ మనుష్యత్వములో భాగమే.

దక్కను నేలకు మరల వచ్చిన, గుమ్‌నామ్ వచ్చిన తొమ్మిది సంవత్సరములకు, 1974లో, శ్యాం బెనెగళ్ ‘అంకుర్’ చిత్రము వెలువడినది. అది హత్యాపరిశోధక చిత్రము కాదు. అయినను అందు ఊరికి వెలుపల ఒక ఇల్లు, పట్నమునుండి వచ్చిన భూస్వామి కుమారుడు, సేవకురాలు, అపరాధము కలవు. దక్కనీ అచటను పలుకబడినది. పలికిన లక్ష్మికి పేరు కలదు, కోరిక కలదు, కోపము కలదు. మూగవాడైన ఆమె భర్త కిష్టయ్యను యజమాని కొట్టినప్పుడు ఆమె శపించు భాష దక్కనీయే. అదే పలుకు విని ఎవ్వరును నవ్వరు. దీనిని బట్టి ఒక సత్యము తేటపడుచున్నది: నవ్వు భాషలో లేదు, భాషకు రచయిత యిచ్చిన స్థానములో నున్నది.

తెలుగు భవనమున

పరుల యింటి లోపములు లెక్కించినవారు తమ యింటిని చూచుకొనవలసియున్నది. ఎ. వి. ఎం. సంస్థ 1967లో ఒక బంగళా హత్యాకథను తమిళమున ‘అదే కణ్‌గళ్’ అనియు, తెలుగున ‘అవేకళ్లు’ అనియు నిర్మించినది. దర్శకుడు ఎ. సి. తిరులోకచందరు. తమిళమున రవిచంద్రన్, తెలుగున కృష్ణ కథానాయకులు. ఉత్కంఠ విషయమున ఆ చిత్రము ప్రేక్షకులను ఆకట్టుకొన్నది. కాని ఒకే కథ రెండు భాషలవారికి సరిపడవలెనన్న, ఆ భవనము ఏ యూరిదియు కాకుండ నుండవలెను. అచటివారి పలుకులో ఏ మండలపు వాసనయు నుండరాదు. గుమ్‌నామ్‌లో స్థానికభాష వంటయింటిలోనైన నుండినది. ఇట్టి చిత్రములలో ఆ చోటును లేదు. హేళనకంటె శూన్యము మేలని చెప్పుట కష్టము.

తెలుగు చిత్రములు చాల కాలము కథానాయకునికి కోస్తామండలపు శిష్టభాషను, విదూషకునికో దుష్టునికో తెలంగాణపు పలుకును పంచియిచ్చుచు వచ్చినవి. కడచిన కొలది సంవత్సరములుగా ఈ వాడుక మారుచుండుట ముదావహము. సరిహద్దుమండలముల తెలుగు మాత్రము నేటికిని తెరపై దాదాపు వినబడదు. కన్నడపు మాటలు, దక్కనీ మాటలు కలిసిన ఆ తెలుగును చెడిన తెలుగు అనుట, దక్కనీని చెడిన ఉర్దూ అనుటవంటి పొరపాటే.

ఈ భాషావర్ణభేదము ప్రాచీనమైనదే. సంస్కృతనాటకములలో రాజు సంస్కృతము, విదూషకుడు ప్రాకృతము పలుకుట నియమము. అయినను తెలుగు సాహిత్యము మరియొక మార్గమును చూపినది. గురజాడ ‘కన్యాశుల్కము’న ఒక్కొక్క పాత్ర తన వృత్తికి, స్థితికి తగిన భాష పలుకును. హాస్యము సమృద్ధిగా కలదు. కాని అందు అధికముగా నవ్వులపాలగువాడు ఇంగ్లీషు చదివిన గిరీశము. వేశ్యయైన మధురవాణి వివేకవతి. 1892లో తొలుత ప్రదర్శింపబడిన నాటకము సాధించిన సమత్వమును 1965 నాటి చిత్రము సాధింపలేకపోయినదన్న, కాలము గడచుటయే అభ్యుదయము కాదని తెలియవలెను.

ఈ విచారము వినోదమునకు సంబంధించినది మాత్రమే యని తలపరాదు. సరిహద్దుమండలములలో తెలుగు బడికి పోవు బాలుడు ఇంటిలో ఒక తెలుగు, పుస్తకమున మరియొక తెలుగు, వీథిలో కన్నడము, బజారులో దక్కనీ వినుచు పెరుగును. ఆతని నాలుకపై నాలుగు నుడులు సహజముగా నాడును. అది ఐశ్వర్యము. తెరపై తన యింటి పలుకు పలికినవాడు ప్రతిసారియు వంటవాడో, పిరికివాడో, పేరులేనివాడో యగుచుండినచో, ఆ బాలుడు ఐశ్వర్యమును లోపముగా భావింప నేర్చును. తరగతిలో నోరు విప్పుటకు జంకును. ఆ జంకు పరీక్షలోని మార్కులలో కనబడదు. మరునాటి తరము ఇంట మాటలాడు భాషలో కనబడును.

గుమ్‌నామ్ చిత్రమును నిషేధింపవలెననియో, మెహమూదు నటనను మరువవలెననియో ఈ విమర్శ యుద్దేశము కాదు. ఆ బట్లరును చూచి నవ్వుటలో తప్పు లేదు. ఆతనిని చూచి నవ్వుట తప్ప మరేమియు మిగుల్పకపోవుటయే తప్పు. ఈనాడు ఎవ్వరైన దక్కను నేలపై అట్టి భవనకథను మరల నిర్మింపదలచినచో, ఆ సేవకుని నవ్వింపనిండు, అనుమానింపనిండు, అవసరమైన హంతకునిగానే చేయనిండు. కాని మొదట ఆతనికొక పేరు పెట్టవలెను. చక్రవర్తికే పేరు తెచ్చియిచ్చిన మండలమిది; ఒక వంటవానికి పేరు కోరుట అత్యాశ కాదు.